చిల్లు పెట్టె

తలుపు మూసుకోగానే ఎల్లారావు లెక్క మొదలుపెట్టాడు. ఒకటి నుంచి వంద దాకా, తొందర లేకుండా. బయట అబ్బులు గడియ దించిన చప్పుడు పెట్టె అంతా పాకి, వెనక గోడకు తగిలి ఆగింది. ఆ తరువాత చీకటి. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న చీకటి. చెప్పులు బయటే విప్పి వచ్చాడు. అరికాళ్ళ కింద చెక్క నేల వేడిగా, కాస్త జిగటగా తగులుతోంది. వాసనను బట్టి ఇదివరకు దీంట్లో ఎండు రొయ్యలు వెళ్ళాయని తెలుస్తోంది.

వంద అయ్యేసరికి కళ్ళు చీకటికి అలవాటు పడతాయి. అప్పుడు పైకప్పు చూడాలి, తరువాత మూలలు, తరువాత గోడలు, ఆఖరున తలుపు అంచులు. సూది మొనంత చిల్లున్నా అక్కడ ఎండ చుక్కలా మెరుస్తుంది. కనబడితే పిడికిలితో అక్కడ కొట్టాలి. బయట అబ్బులు ఆ చప్పుడును పట్టుకుని సుద్దతో సున్నా చుడతాడు. ఏమీ కనబడకపోతే తలుపు మీద రెండు దెబ్బలు. హార్బరు వెనకాల ఉన్న ఈ యార్డులో ఐదేళ్ళుగా అతని పని ఇదే. ఓడల మీద సరుకు మోసే ఇనుప పెట్టెల్లోకి దూరి, వెలుతురు కోసం వెతకడం.

రెండు దెబ్బలు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. ఎండ ముఖాన పడి ఒక్కసారిగా అంతా తెల్లటి పొగలా అయింది. ఆ పొగలోంచి అబ్బులు గొంతు వచ్చింది.

"ఏటి బావా, ఇదీ బాగున్నాదా?"

"బాగున్నాది."

"ఈ నెల్లో నాను ఒక్క సున్నా సుట్టనేదు. సుద్దముక్క అరగడం మానీసింది."

"ఈ ఏడు మంచి పెట్టెలొత్తన్నాయి బావా" అన్నాడు ఎల్లారావు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

"మంచివొత్తే నీకేటి లాభం? నీకు సిల్లు పెట్టె గదా గావాల!"

అది నిజమే. బాగున్న పెట్టెను యార్డువాళ్ళు సరుకు పంపే కంపెనీలకు రోజుకి ఇరవై రూపాయల చొప్పున అద్దెకిస్తారు. ఎల్లారావు కూలి రోజుకి పద్నాలుగు. ఖాళీ పెట్టెకి తనకన్నా ఆరు రూపాయలు ఎక్కువ. మొదట్లో అది వింతగా తోచేది. తరువాత తరువాత న్యాయంగానే అనిపించింది. పెట్టె సముద్రాలు దాటుతుంది. తను మల్కాపురం దాటడు.

కొత్త పెట్టె ధర ముప్పై వేలట. చిల్లుపడినదాన్ని మాత్రం ఆరు వేలకు అమ్మేస్తారు. యార్డులో పనిచేసేవాడైతే సగం ముందు కట్టి, మిగతా సగం నెలనెలా కూలిలో కోయించుకోవచ్చు. ఎల్లారావు దగ్గర మూడు వేలున్నాయి. తనవి కావు. అతను అప్పా అని పిలిచే అక్క కాశమ్మ మెడలోని బంగారు గుంటపూసలు అమ్మిన డబ్బు.

స్టీలు ప్లాంటుకి పొలం పోయినప్పుడు గాజువాక అవతల ఇంటి స్థలమొకటి ఇచ్చారు. అక్కడ రెండుసార్లు తాటాకు పాక వేశారు. రెండుసార్లూ గాలివాన ఎగరేసుకుపోయింది. రెండోసారి కాశమ్మ గుంజను వాటేసుకుని రాత్రంతా కూర్చుంది. అప్పట్నుంచీ మల్కాపురంలో అద్దె గది. ఇప్పుడా గదిని నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నారు. పలాసలో కాశమ్మ మొగుడి మేనకోడలు తాయారు జీడిపిక్కల బట్టీలో పని చేస్తుంది. వచ్చెయ్యమని కబురు పెట్టింది. ఇద్దరికీ చోటు లేదు, ఒక్కదానికే. కాశమ్మ మూట కట్టి పెట్టుకుంది.

"ఈ సాయంత్రం పాసింజరుకి ఎల్లిపోతాను. నువ్వు పెట్టె తెత్తే మూట ఇప్పీత్తాను" అంది పొద్దున్న. "గాలికి ఎగరని కొంప ఒకటుంటే సాలు, నాను పలాస ఏల పోతాను? నీ కూడెవుడు వొండుతాడు?"

భార్య పోయిన పద్దెనిమిదేళ్ళుగా ఎల్లారావు కూడు వండింది కాశమ్మే.

యార్డు మూలన ఒక గోధుమరంగు పెట్టె వారం రోజులుగా ఉంది. దాని మీదే అతని ఆశంతా. సూపర్వైజరు గురునాథరావు మెత్తటి మనిషి. "దీనికి చిల్లుంటే నీదే ఎల్లారావూ. లేకపోతే రేపు అద్దెకి పోతుంది. చూసేవాడివి నువ్వేగా" అన్నాడు.

ఆ పెట్టె దగ్గరికి వెళుతుంటే అబ్బులు గొంతు తగ్గించాడు.

"బావా, ఏదో ఓసోట ఒక్క దెబ్బ కొట్టు. నాను సున్నా సుట్టెత్తాను. ఎవుడు లోనికెల్లి సూత్తాడు?"

"నేని సిల్లుకి సున్నా సుడతావేటి?"

"అప్పకి కొంప గావాలా, వద్దా? నిజం తిని పడుకోమంటావేటి ఆ ముసిల్దాన్ని?"

ఎల్లారావు లోపలికి వెళ్ళాడు. తలుపు పడింది.

వంద లెక్కపెట్టాడు. ఏమీ లేదు. ఇంకో వంద లెక్కపెట్టాడు. ఐదేళ్ళలో ఎన్ని పెట్టెల్లో నిలబడ్డాడో గానీ, వెలుతురు కనబడాలని ఎప్పుడూ కోరుకోలేదు. కనబడకపోతేనే పని సుఖం. ఇవాళ మెడ నొప్పెట్టేదాకా తల పైకెత్తి, పైకప్పును జానెడు జానెడు వెతికాడు. గోడలు చేత్తో తడిమాడు. ఒకచోట వేలికి తుప్పు పెచ్చు గరుకుగా తగిలింది. ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. చీకటే. ఒక్క చుక్క, తల్లీ, ఒక్క చుక్క, అనుకున్నాడు. చెమట కళ్ళలోకి కారింది.

పిడికిలి ఎత్తాడు. గోడ ముందు కాసేపు అలాగే ఉంచాడు. పాపపుణ్యాల గురించి ఆలోచించలేదు. చూడనిదాన్ని చూశానని చెప్పడం అతనికి చేతకాదు, అంతే. తలుపు దగ్గరికి నడిచి రెండు దెబ్బలు కొట్టాడు.

తలుపు తెరిచేసరికి గురునాథరావు పక్కన కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. పెట్టె యజమానుల తరఫున వచ్చిన సర్వేయరు. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో కాగితాల అట్ట.

"చిల్లు లేదా? పైన అంత తుప్పు పట్టిందే" అన్నాడు. "రావయ్యా, నేనూ చూస్తాను."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. చీకట్లో ఇంకో మనిషి ఊపిరి వినడం ఎల్లారావుకి కొత్త. కాసేపటికే సర్వేయరు, "అదిగో" అన్నాడు. "అదిగో, ఇంకోటి. ఆ మూలన మూడు. జల్లెడలా ఉందయ్యా ఇది."

"ఏదీ బాబూ?"

సర్వేయరు దగ్గరికి వచ్చాడు. అతని గడ్డం పట్టుకుని ముఖం పైకి తిప్పాడు. "ఇక్కడ."

ఎల్లారావు రెప్ప వెయ్యకుండా చూశాడు.

సర్వేయరు అతని మణికట్టు పట్టుకుని, చేతిని చాపించి, కాస్త ఎడమకు జరిపాడు. "ఇప్పుడు నీ అరచేతిలోనే పడుతోంది ఎండ. కనబడటం లేదా?" గొంతులో కోపం లేదు.

ఎల్లారావు మెల్లగా గుప్పిట మూశాడు.

బయటికి వచ్చాక అబ్బులు పదకొండు సున్నాలు చుట్టాడు. వాడు ఎల్లారావు ముఖంలోకి చూడలేదు. ఈ ఏడాదంతా పెట్టెలు మంచివి కావు. ఆ సంగతి అబ్బులుకీ, గురునాథరావుకీ, అతనికీ ఒకేసారి తెలిసింది.

గురునాథరావు అతన్ని తన ఆఫీసు గది వరండాలోకి తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టాడు. "రేపట్నుంచి కూలీల మస్తర్లో నీ పేరుండదు ఎల్లారావూ. నా చేతిలో లేదు. కళ్ళు చూపించుకో."

"మరి పెట్టె బాబూ?"

"పెట్టె ఆరు వేలే. నీకే ఇద్దును. సగం కూలిలో కొయ్యాలి కదా. ఏ కూలిలో కొయ్యను?" అని ఆయన అటు తిరిగాడు.

ఎల్లారావు గదికి చేరేసరికి ఎండ వాలుతోంది. కాశమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. పక్కన మూట.

"ఏటైంది?"

దారి పొడుగునా అతను ఒక్కటే ఆలోచించాడు. కళ్ళు పోతున్నాయని చెబితే అప్ప కదలదు. మూట విప్పేస్తుంది. గుడ్డివాడినయ్యే తమ్ముణ్ణి పెట్టుకుని, ఏ వరండాలోనో కూర్చుని, తన వాటా మెతుకులు కూడా అతనికే పెడుతుంది. పలాసలో అయితే పూటకింత దొరుకుతుంది.

"పెట్టె శానా బాగున్నాదప్పా" అన్నాడు. "ఒక్క సిల్లు నేదు. అద్దెకెల్లిపోనాది."

"పాడు పెట్టె! పాడైపోడానికీ రాత నేదు దానికి" అంది కాశమ్మ. తరువాత నవ్వింది. "నీ కళ్ళు పడ్డాక ఇంకేటుంటాది? దేన్నీ ఒదిలే కళ్ళు కావు గదా నీవి."

అతను మూడు వేలూ గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "నీ పూసల డబ్బు నీకాడే ఉంచుకో."

"మల్లీ పెట్టెత్తే కబురెట్టు. తెల్లారే బండికి వొచ్చెత్తాను."

"అలాగేనప్పా."

"ఈ గది పోతే నువ్వెక్కడ పడుకుంతావు?"

"యార్డులోనే. బోలెడు పెట్టెలున్నాయి."

వాల్తేరు స్టేషన్లో జనం విరగబడి ఉన్నారు. ఆమెను ఎక్కించి మూట అందించేసరికి బండి కూత వేసింది. దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. ఏ పెట్టెలో ఎక్కించాడో తెలుసు, ఏ కిటికీ దగ్గర ఆమె కూర్చుందో తెలియలేదు. కిటికీలన్నీ ఒకే మసకలో కలిసి కదులుతున్నాయి. "ఒరే తమ్ముడా, ఇటు, ఇటు!" అన్న పిలుపు ఎటో వినిపించింది. ఆ గొంతు చక్రాల చప్పుడులో కలిసేదాకా, కదిలిపోతున్న ప్రతి కిటికీకీ చెయ్యి ఊపాడు.

గదికి తిరిగొచ్చి దీపం వెలిగించబోయాడు. అగ్గిపెట్టె కోసం గూట్లో తడుముతుంటే చేతికి సగం కాల్చిన చుట్ట తగిలింది. నిప్పు కొస నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ తాగడం కాశమ్మ అలవాటు. మిగిలినదాన్ని తరువాతకి దాచుకుంటుంది. వేళ్ళతో పట్టుకుని చూస్తే, ఆమె నోట్లో ఉన్న కొసకు తడి ఇంకా పూర్తిగా ఆరలేదు.