బురుల్చా తివాచీ

నారిన్ కొండల్లో మంచు కరిగేదాకా గడప దాటే పని ఉండదు. బురుల్చా ఆ చలికాలమంతా పొయ్యి పక్కనే కూర్చుని, ఉన్నిని తడిపి దళసరిగా అణిచి, పొట్టేలు కొమ్ముల్లా వంపు తిరిగిన ముగ్గులు కత్తిరించి, పెద్ద తివాచీ కుట్టింది. ఇన్నేళ్ళూ కుట్టినవన్నీ అత్తింటివాళ్ళ పెళ్ళిళ్ళకే పోయాయి. ఇది మాత్రం తన ఇంటికే అనుకుంది.

కుట్టు పూర్తయిన మర్నాడు నీళ్ళు తెచ్చి లోపలికొస్తే నేల బోసిగా ఉంది.

"తివాచీ ఏదయ్యా?"

"దిగువింటి ఎసెన్ వచ్చి బాగుందన్నాడు, ఇచ్చేశా. అతిథి మెచ్చింది ఇవ్వకపోతే పరువేముంటుంది?" అన్నాడు మొగుడు మంబెత్, టీ చప్పరిస్తూ.

"నీ పరువుకి నా వేళ్ళు అరగాలా? నేను బాగున్నానని అతనంటే నన్నూ పంపేవాడివేగా!"

ఒళ్ళు మండిపోయి, శాలువా చుట్టుకుని, మోకాలిలోతు మంచులో ఎసెన్ ఇంటికి నడిచింది. తివాచీ అప్పుడే వాళ్ళ గోడెక్కింది. టీ ఇస్తే ముట్టలేదు.

"అబ్బ, ఎంత బాగుందీ తివాచీ!" అంది.

ఎసెన్ మొహం మాడింది. "నువ్వు కుట్టిందేగా చెల్లెమ్మా!"

"ఎవరు కుడితేనేం అన్నయ్యా? అతిథిని. మెచ్చుకున్నాను."

ఎసెన్ పెళ్ళాం నవ్వాపుకోలేక, తనే మేకులు పీకి చుట్టిచ్చింది.

ఇంట్లో పరిచాక కూడా బురుల్చా కోపం తగ్గలేదు.

"మళ్ళీ ఎవరైనా మెచ్చుకుంటే నీ గుర్రాన్నిచ్చి పంపు. దీని జోలికొస్తే ఊరుకోను!"

మంబెత్ తివాచీ అంచు తగలకుండా వట్టినేల మీదే కూర్చున్నాడు.