గేటు దగ్గర ఆగిపోయిన నూలు చిలప

నేను ఒక నూలు చిలపను. చిలప అంటే ఏమిటో తెలియకుండానే చొక్కాలు తొడుక్కునేవాళ్లు చాలామంది కాబట్టి చెప్తున్నాను: రాట్నం మీద తీసిన దారాన్ని చుట్టి, మెలిపెట్టి ఉంచిన కట్టను. ఊరు శ్రీకాకుళం జిల్లా పొందూరు. నన్ను వడికిన మనిషి పైడమ్మ. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, నలక ఒక్కటి లేకుండా ఏరి, కూనిరాగం తీస్తూ నన్ను కన్నది. డెబ్బై దాటిన చూపు. అయినా దారంలో ఎక్కడా ఉండ కట్టనివ్వలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నాకు ముందు పుట్టిన చిలపలన్నీ సభలకు వెళ్లాయి. పెద్దమనుషులు వాటిని ఒకరి మెడలో ఒకరు వేసుకుని, ఫొటో అయిపోగానే తీసి కుర్చీల మీద పడేసి టీలకు లేచిపోయారట. పాలిస్టరు చొక్కాల మీద నూలు దండ ఎంతసేపు నిలుస్తుంది లెండి. నాకా గతి పట్టకూడదని పైడమ్మ నన్ను ట్రంకు పెట్టెలో దాచింది. కాశీకి పోయే యాత్ర రైలు ఢిల్లీ కూడా చూపిస్తుందని తెలిసిన రోజున తీసి చేతిసంచిలో పెట్టుకుంది.

"ఇదెందుకు పైడమ్మా?" అన్నాడు వెంట వచ్చిన తవిటినాయుడు మేష్టారు. ఆ గుంపులో హిందీ వచ్చిన మనిషి ఆయనొక్కడే.

"వడకమని సెప్పినోడు ఆయనే కదా మేష్టారూ. మా అమ్మ వడికింది, నాను వడికినాను. పని సెప్పినోడికి పని సూపించొద్దేటి? సమాది మీద ఎట్టేసి వొచ్చెత్తాను."

అదీ ఆమె కోరిక. వరాలు అడగలేదు, పింఛను పెంచమనలేదు.

ఢిల్లీలో, దేశమంతటినీ నూలు వడకమన్న ఆ జాతి నాయకుడి సమాధి గేటు దగ్గర మమ్మల్ని ఆపారు. సంచి తెరిచిన జవాను నన్ను రెండు వేళ్లతో ఎత్తి, చచ్చిన ఎలుకను చూసినట్టు చూశాడు. లోపలికి వస్తువులేవీ తీసుకెళ్లకూడదట. ఇది ఆయన చెప్పిన ఖద్దరు నూలేనని మేష్టారు తనకు వచ్చిన హిందీ అంతా ఒలకబోశాడు. దారమైనా తాడైనా ఒకటేనన్నాడు జవాను. వెళ్లేటప్పుడు తీసుకోమని నన్నొక ప్లాస్టిక్ డబ్బాలో పడేశాడు. అందులో లైటర్లు, ఖైనీ పొట్లాలు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన పేరు చెప్పి నన్ను పుట్టించారు, ఆయన గుమ్మం దగ్గర మాత్రం నేను ఖైనీతో సమానమా?

"ఒక్కపాలి ఆనించి తెచ్చీసుకుంతాను బావూ," అని పైడమ్మ తెలుగులోనే బతిమాలింది. వెనక జనం తోశారు. మేష్టారు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లింది.

అంతలో ఎవరో విదేశపు అతిథి వస్తున్నాడని కబురు. బండి చక్రమంత పూలచక్రాన్ని ఇద్దరు మోసుకుంటూ నా ముందు నుంచే లోపలికి పోయారు. దాన్ని ఎవరూ రెండు వేళ్లతో ఎత్తి చూడలేదు. లోపలి జనాన్ని బయటికి తరుముతూ ఇనప కంచెలు ఈడ్చుకొచ్చారు. కంచెలను కలిపి కట్టడానికి తాడు చాలలేదు. ఒక పనివాడు డబ్బాలో చెయ్యి పెట్టి నన్ను లాగాడు. మెలికలు తిప్పి, కాలు ఆనించి బిగించాడు.

తరిమిన జనంతో పాటు పైడమ్మ వచ్చింది. సమాధి దాకా పోనివ్వనే లేదట. డబ్బా వెతికింది. తర్వాత కంచెకేసి చూసి నన్ను గుర్తుపట్టింది, తల్లి కదా. వచ్చి ముడి మీద గోళ్లు పెట్టింది. జవాను లాఠీ అడ్డం పెట్టాడు.

"ఆయనికి సూపిద్దామని తెచ్చినాను మేష్టారూ," అంది. "ఆయన్ని ఎవులూ సూడకండా కట్టడానికి కాదు."

మేష్టారు ఆ మాట హిందీలో చెప్పలేదు. భాష రాలేదో, ధైర్యం రాలేదో మరి. రైలు స్టేషన్ నుంచి మమ్మల్ని తెచ్చిన యాత్ర బస్సు హారన్ కొట్టింది. పైడమ్మ వెళ్లిపోయింది.

అతిథి వచ్చాడు, తల వంచాడు, పోయాడు. కంచె మాత్రం తియ్యలేదు. ఇంకొకరెవరో వస్తారట. సమాధి చూడటానికి వచ్చిన పిల్లా పెద్దా నా దగ్గర ఆగి వెనక్కి మళ్లుతున్నారు. ఎవరైనా కంచె ఊగిస్తే చాలు, తెగిపోదామని చూస్తాను. నిన్న ఒకాయన విసుగొచ్చి గట్టిగా గుంజాడు. ఒక్క పోగైనా తెగలేదు. పైడమ్మ నన్ను అంత బాగా వడికింది.