ఇద్దరు ట్రస్టీల ఏకగ్రీవ తీర్మానం

పెద్ద కంపెనీల వ్యవహారాలు చూసుకుంటూ హాయిగా ఉన్న లాయరు, కోరి కోరి సేవాసంస్థల పని నెత్తిన వేసుకుంది. కంపెనీవాళ్లకు ఆశ ఎక్కువే కానీ చెప్పిన మాట వింటారు. సేవ చేసేవాళ్లు మాత్రం, “మేం చేసేది మంచిపనేగా, మాకు రూల్సేమిటండీ?” అంటారు. ఆ మాట వినీ వినీ ఆమెకు చెవులు తూట్లు పడ్డాయి.

ఆ మధ్యాహ్నం ఆఫీసు మీటింగ్ రూములో ఆమెకు అటొకరు ఇటొకరు కూర్చున్న అక్కాచెల్లెళ్లూ అలాంటివాళ్లే. దెబ్బతిన్న కుక్కలకీ పిల్లులకీ కలిసి ఆశ్రయం నడుపుతున్నారు. ట్రస్టీలు వాళ్లిద్దరే. ఏ నిర్ణయానికైనా ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఒక ముసలి కుక్కకు ఆపరేషన్ చేయించాలా వద్దా అన్న దగ్గర మొదలైన గొడవ ముదిరి, ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. ఈలోగా షెడ్డు ఖాళీ చేయమన్నాడు ఓనరు. కొత్త స్థలం దొరికింది కానీ, దాని యజమాని ఆ సాయంత్రం దాకానే ఆగుతానన్నాడు.

“స్థలం బాగానే ఉందని మా అక్కతో చెప్పండి. పిల్లుల్ని వంటగది పక్కన పెడితే మాత్రం ఒప్పుకోనని కూడా చెప్పండి,” అంది చెల్లెలు.

“నాకేం చెవుడు లేదని దానికి చెప్పండి. పిల్లులు ఎక్కడుండాలో నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు నాకు నేర్పక్కర్లేదు,” అంది అక్క.

“ఇద్దరం ఒకే రోజు మొదలుపెట్టామని గుర్తుచేయండి!”

లాయరు పెన్ను బల్లమీద పడేసింది.

“మీ మధ్య రాయబారాలు నడపడానికి రాలేదండీ నేను. అసలు మీ ఇద్దరికీ లాయర్ని కాను, ట్రస్టుకి లాయర్ని. అది మీ సొంత ఆస్తి కాదు. మీ పంతాలకి రోడ్డున పడేది ఆ మూగజీవాలు. ఈ వయసులో చిన్నపిల్లల్లా ఏమిటిది?”

అక్క మొహం కందగడ్డలా అయింది. “విన్నావటే?” అంది, నేరుగా చెల్లెలి వైపు తిరిగి.

“విన్నానక్కా. మనల్ని పట్టుకుని ఎంత మాటంది! ఈవిడ మనకొద్దు.”

“నాకూ వద్దు. ఇప్పుడే తీసేద్దాం.”

లాయరుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “తప్పకుండా తీసేయండి. దానికీ ఇద్దరి సంతకాలూ కావాలి. కాకపోతే ఎజెండాలో స్థలం సంగతి ముందుంది. అది తేల్చాకే మిగతావి,” అంది.

ఆ విసురులో ఇద్దరూ టకటకా స్థలం కాగితాల మీద సంతకాలు చేసేశారు. పిల్లుల ఊసే ఎత్తలేదు. తర్వాత ఆమెను తొలగిస్తున్నట్టు తీర్మానం ఎలా రాయాలో తెలియక, ఆమె చేతే రాయించుకుని దానిమీదా సంతకాలు పెట్టారు.

చిరచిరలాడుతూ లాయరు ఫైళ్లు సర్దుకుంటూంటే, చెల్లెలు గుమ్మం దగ్గర ఆగింది.

“ఏమండీ, అన్ని జంతువుల్ని ఒకేసారి తరలించాలంటే ఏదైనా పర్మిషన్ కావాలా?”

“నేనిప్పుడు మీ లాయర్ని కానండీ.”

“అయ్యో, తెలుసమ్మా,” అంది వెనకనుంచి అక్క. “ఊరికే అడుగుతున్నాం.”

లాయరు సర్దేసిన ఫైలు మళ్లీ తెరిచింది. “కావాలి,” అంది పళ్లు బిగించి. “వచ్చి కూర్చోండి.”