వెలుగుకు అడ్డం

పొద్దుటెండ కల్లంలోకి దిగేసరికి ఎర్రుపాలెంలో బసవపున్నయ్య కోడళ్లిద్దరూ మిరపకాయల రాశి దగ్గర కూర్చునేవాళ్లు. తాలుకాయలు ఒక పక్కకు, ఎర్రకాయలు ఒక పక్కకు. చేతులు కాయల మీద, నోళ్లు డైలాగుల మీద. నలభై ఏళ్లుగా నాటక సమాజం నడుపుతున్న బసవపున్నయ్య నులకమంచం మీద కూర్చుని, నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని, తప్పు పోయిన చోటల్లా మంచపుకోడు మీద కర్రతో కొట్టేవాడు.

పెద్దకోడలు హైమ ఎప్పుడూ కథానాయికే. చిన్నకోడలు నాగలత పనిమనిషి, పక్కింటావిడ, అదీ లేకపోతే తెర వెనక ఏడుపు.

నాగలతకు నీడ లేదు. వాళ్లమ్మకూ లేదు, అమ్మమ్మకూ లేదు. పెళ్లిచూపులనాడు పిల్ల చామనఛాయ, వంట వచ్చు, నీడ లేదు అని పెద్దలు చెప్పుకుని, జాతకాలు కలిశాయి గనక ముహూర్తం పెట్టేశారు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. పదకొండేళ్ల కిందట ఒక్కసారి హైమే ఎత్తింది. ఈసారి నాయిక వేషం తనకిమ్మని నాగలత మామగారిని అడిగిన రోజది. హైమ చేతిలో చాట అలాగే ఉంచుకుని, సమాజం వాళ్లందరి ముందూ పకపకా నవ్వింది.

"నీడే ఆగని ఒళ్లు. జనం చూపు ఆగుద్దా ఏంది దాని మీద?"

అందరూ నవ్వారు. బసవపున్నయ్య కూడా నవ్వాడు. నాగలత మళ్లీ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె ప్రతి నాటకంలోనూ నాయిక డైలాగులన్నీ నేర్చుకుంటూనే ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నిండుగా కూర్చున్న జనం తన మొహం చూడాలి. దేవుడి ముందు దీపం వెలిగించినప్పుడల్లా ఆమె కోరుకునేది అంతే.

ఈ ఏడు సారపాకలో నాటక పోటీలకు బసవపున్నయ్య తమ్ముడి కొడుకు మురళీకృష్ణ డైరెక్టరుగా దిగాడు. పెళ్లిళ్లకు, సభలకు పెద్ద పెద్ద తెరల మీద బొమ్మలు వేసే పని ఖమ్మంలో అతనిది. వస్తూనే సమాజం వాళ్ల పాత పరదాలు చూసి మొహం చిట్లించాడు.

"పెదనాయనా, ఈ రంగుపరదాలు ఎవడు చూస్తడు ఇప్పుడు? ప్రొజెక్టరు పెడదాం. అడవి కావాలంటే అడవి. వానంటే వాన. గోదారి పొంగిందంటే స్టేజీ మీదకి రావాలె గోదారి."

నాటకం కొత్తది. వెదురు కొట్టడానికి పోయి తిరిగిరాని మొగుడి కోసం వానలో అడవంతా వెతికే ఆడదాని కథ. రిహార్సల్సు ఊళ్లో ఖాళీగా ఉన్న బియ్యం గోదాములో. తెల్లటి తెర మీద అడవి వెలిగింది. ఆకులు కదిలాయి, చినుకులు జారాయి. హైమ కొప్పు సవరించుకుని నడిచొచ్చి తెర ముందు నిలబడింది. అంతే, అడవి నడిమధ్యన ఆమె నీడ నల్లగా, లావుగా, తెర పైదాకా పడింది.

"పెద్దొదినా, పక్కకు జరుగు!"

జరిగింది. నీడా జరిగింది. మురళి ప్రొజెక్టరును ఎత్తు మీద పెట్టాడు, పక్కన పెట్టాడు, దూలానికి కట్టాడు. నీడ పొట్టిదయింది, వంకరయింది, పోలేదు.

"తెర వెనక నుంచి వేస్తే పోద్ది గానీ, దానికి ముప్పై అడుగుల జాగా కావాలె. ఏ ఊరి స్టేజీకి ఉంది గంత జాగా?" అని తల పట్టుకున్నాడు.

అప్పుడే నాగలత టీ గ్లాసుల పళ్లెంతో తెర ముందు నుంచి నడిచింది. ఒక్క ఆకు మీద కూడా మరక పడలేదు. మురళి టీ అందుకోవడం మర్చిపోయాడు.

"చిన్నొదినా, మళ్లొకసారి నడువు."

నడిచింది. వాన వానలాగే కురిసింది.

"గిదీ నాకు కావాల్సింది! వేషం చిన్నొదినకే."

"చెట్ల కోసం మనిషిని తీసేస్తవారా?" హైమ గొంతు గోదాము రేకులకు తగిలింది. "ఇరవై ఏళ్లు ఈ సమాజాన్ని నా గొంతు మీద మోసిన. నీ కరెంటు బొమ్మకు నేను అడ్డమా?"

"అడ్డమే వదినా. చూడు నువ్వే. నీ కొప్పే టేకుచెట్టంత ఉంది."

కొడుకులిద్దరూ భార్యల మొహాలు చూసి, తోటకు నీళ్లు పెట్టాలంటూ కలిసి వెళ్లిపోయారు. బసవపున్నయ్య నోటుబుక్కు మూసి, "కాలం మారింది తల్లీ" అన్నాడు. ఏ తల్లితో అన్నాడో ఇద్దరి వైపూ చూడలేదు.

హైమకు తెర వెనక ఏడుపు మిగిలింది. నాయికకు కట్టే నేత చీర ఆమె పెట్టెలో ఉండేది. తాళంచెవి బావిలో పడిందంది. నాగలత తన పాత చీరే కట్టుకుంటానంది. తెర చాటు నుంచి మాట అందించాల్సిన చోట హైమ రెండు వాక్యాలు మింగేసేది. నాగలత ఆ రెండూ తనే కల్పించుకుని చెప్పేసి, గోదాము అంతా వినేలా అనేది:

"అక్కా, ఏడుపు ఇంకొంచెం గట్టిగా రావాలె. పదకొండేళ్లు నేనేడిస్తే ఊరవతలికి వినబడేది."

"నీ ఆట నాడు నేనెందుకే ఏడ్చుడు? నిన్ను చూసి ఊరే ఏడుస్తది."

పోటీ రోజు సమాజమంతా సారపాకలో వ్యాను దిగకుండా, గోదారి వంతెన దాటి ముందు భద్రాచలం వెళ్లింది. తోటికోడళ్లిద్దరూ రామయ్య ముందు ఒకే వరుసలో నిలబడ్డారు. జనం తన మొహం చూడాలని ఒకరు, దాని మొహం ఎవరికీ కనబడకూడదని ఒకరు. స్వామి ఎవరినీ ఉత్త చేతులతో పంపడు. ఇద్దరి మాటా విన్నాడు.

సారపాక కాలనీ గ్రౌండులో పొద్దుగూకుతూనే నాటకం మొదలైంది. కాగితం మిల్లు కాంట్రాక్టు పనివాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, లోపలి ఊళ్ల నుంచి వెదురు లోడింగుకు వచ్చిన ఆడవాళ్లు. ముందు బల్ల దగ్గర ముగ్గురు జడ్జీలు. తెర మీద అడవి విచ్చుకోగానే గ్రౌండంతా ఈలలు. నాగలత నడిచొచ్చి మధ్యన నిలబడి, మొగుణ్ని పిలిచింది.

గోదాములో తలుపులు తెరిచి ఉండేవి, పగటి వెలుగుండేది. ఇక్కడ లేదు. ప్రొజెక్టరు వెలుగు నాగలత దగ్గర ఆగలేదు. ఆమె మొహంలోంచి ఆకులు, గుండెలోంచి చినుకులు, అన్నీ తిన్నగా వెళ్లి తెర మీద పడ్డాయి. స్టేజీకి ఆ పక్కా ఈ పక్కా పెట్టిన పసుపు లైట్లు ఆ కాంతిలో కలిసిపోయాయి. జనానికి అడవి కనబడింది. అడవిలోంచి ఒక గొంతు వినబడింది. మనిషి లేదు.

ముందు వరుసలో లోడింగు మేస్త్రి నాగక్క మెడ చాచింది.

"గొంతుంది, మనిషేదే?"

"రికార్డు పెట్టిండ్రు" అన్నారెవరో వెనక నుంచి. "సినిమా చూపిస్తున్నరురా!"

"దీనికి నాటకమని పేరెందుకు? ఇంట్ల టీవీ లేదా మనకు?"

చెప్పు ఒకటి వచ్చి స్టేజీ మీద పడింది. జడ్జీలు పెన్నులు కింద పెట్టారు. మురళి మాత్రం బొమ్మ మచ్చ లేకుండా పడుతోందని మురిసిపోతున్నాడు. నాగలతకు అన్నీ వినబడుతున్నాయి. చెప్పు తన కాళ్ల మధ్య నుంచి దొర్లింది. ఆమె డైలాగు ఆపలేదు, గొంతు మాత్రం పగిలింది.

పక్క తెర దగ్గర హైమకు కడుపు నిండిపోయింది. ఇంతలో ఎవరో అరిచారు: "ఎర్రుపాలెం హైమమ్మ రావాలె! హైమమ్మ ఏదీ?"

ఇరవై ఏళ్ల అలవాటు కాళ్లను లాగింది. ఏడవాల్సిన చోట ఏడవకుండా కొంగు దోపుకుని స్టేజీ మీదకొచ్చింది. బొమ్మను మసి చేయాలనే, ప్రొజెక్టరుకు ఎదురుగా, స్టేజీ అంచున, నడుముకు చేతులానించి నిలబడింది.

ఆమె నీడ వెళ్లి నాగలత మీద పడింది.

పడ్డచోట అడవి తెగిపోయింది. ఆ నల్లటి ఖాళీలో, పసుపు వెలుగులో, వెలిసిన చీరలో ఒక మనిషి. కళ్ల నిండా నీళ్లు. ఎక్కడా ఆగని ఆ ఒళ్లు హైమ నీడలో ఆగింది.

గ్రౌండంతా చప్పట్లు లేచాయి.

"అమ్మో, ఉందే!" అంది నాగక్క.

చప్పట్లు తనకేననుకుని హైమ చేతులు జోడించబోయింది. జనం కళ్లు తన భుజం మీదుగా వెనక్కు పోతున్నాయి. తిరిగి చూసింది. అర్థమయింది. విసురుగా పక్కకు జరిగింది. నాగలత ఆరిపోయింది.

"ఏయ్, జరగకమ్మా!" గ్రౌండంతా ఒక్క గొంతయింది. "ఆడనే నిలబడు! ఆమెను చూడనీయవా?"

రెండో చెప్పు హైమ కాళ్ల దగ్గర పడింది. మైకులో మురళి, "పెద్దొదినా, కదలకు, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. హైమ వెనక్కు వచ్చి నిలబడింది. వెలుగు కళ్లలో గుచ్చుకుంటోంది. ఒంటి మీద ఆకులు పాకుతున్నాయి. వాటిని చూసేవాళ్లు లేరు. వెనక నాగలత గొంతు మళ్లీ లేచింది. ఐదు నిమిషాల డైలాగు. అది అయిపోయాక, నోటుబుక్కులో లేని మాటలు మొదలయ్యాయి.

"ఇంకెంతసేపే? కాళ్లు గుంజుతున్నయి" అంది హైమ పళ్లబిగువున, తల తిప్పకుండా.

"నిలబడు" అంది నాగలత, ఏడుపు గొంతుతోనే. జనం అదీ డైలాగే అనుకున్నారు.

ఉత్తమ నటి బహుమతి నాగలతకిచ్చారు. ఆ మాట మైకులో చెబుతున్నప్పుడు ఆడవాళ్లు స్టేజీ ఎక్కి ఆమె చెంపలు తాకి చూశారు.

ఇప్పుడు వాళ్ల నాటకానికి పిలుపు రాని ఊరు లేదు. కరపత్రాల్లో నాగలత పేరు పైన, పెద్ద అక్షరాల్లో ఉంటుంది. హైమ పేరు ఉండదు. అయినా ప్రతి ఆటకూ ఆమె వచ్చి ప్రొజెక్టరుకు అడ్డంగా నిలబడుతుంది. సమాజం కోసమని బసవపున్నయ్య అనుకుంటాడు. మనసు మెత్తబడిందని ఊరు అనుకుంటుంది. ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు, ఆ మొహం ఉండదు. ఆ అడుగు తన కాళ్లలో ఉందని హైమకు తెలుసు. ఆ అడుగు ఏ ఆటలో వేయాలో ఆమె ఇంకా తేల్చుకోలేదు.

ఆ సంగతి నాగలతకూ తెలుసు. అడవిలో వెతికే ఆ ఆడదాని కళ్లలో ఎప్పుడూ ఒక బెదురుంటుంది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఆ నటన అని అడుగుతారు జడ్జీలు. ఆమె హైమ కాళ్ల వైపు చూస్తుంది.