నెలాఖరు ఫైళ్ళు

టక్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టక్. చెక్క అడ్డుగోడకు అవతల ఎవరో ఒకే మీటను ఆగి ఆగి నొక్కుతున్నారు.

ఇవతల ప్లానింగ్ ఇంజనీరు తల పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రులకు మందులు సరఫరా చేసే ఆ సంస్థలో సరుకు లెక్కలన్నీ దాచే పాత డేటా వేర్‌హౌస్‌ను కొత్తదానిలోకి మార్చే ప్రణాళిక ఆమెది. రెండుసార్లు రిహార్సల్ చేసింది. రెండుసార్లూ కొన్ని గోదాముల నెలాఖరు నిల్వలు రెట్టింపుగా కనిపించాయి. పాత యంత్రంలో ఆ తప్పు ఏనాడూ లేదు. రేపు ఉదయం డైరెక్టరు ముందు కారణం చెప్పలేకపోతే పని బయటి సంస్థ చేతికి వెళ్ళిపోతుంది. ఏడు నెలల శ్రమ బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

చప్పుడు భరించలేక లేచి వెళ్ళింది. అందరూ బాబాయ్ అని పిలిచే ఆపరేటరు తెర మీంచి చూపు తిప్పకుండా కూర్చుని ఉన్నారు. ఏం చేస్తున్నారని అడిగింది.

“రెండు గోదాముల ఫైళ్ళు రావాలమ్మా. నెలాఖరున వాటికెప్పుడూ ఆలస్యమే. అవి రాకముందే లెక్కలు ఎక్కించే లోడ్ మొదలైతే నిన్నటి ఫైలే మళ్ళీ ఎక్కుతుంది. అందుకే ఈ మీట నొక్కుతూ ఆపి ఉంచి, వచ్చాక వదులుతాను.”

ఆమెకు అప్పుడర్థమైంది. యంత్రమే చేస్తోందని అందరూ అనుకున్న పనిని తొమ్మిదేళ్ళుగా ఒక మనిషి వేలు చేస్తోంది.

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం బాబాయ్? మా ప్రాణాలు తోడేశారు కదా.”

“మీరంతా యంత్రాన్ని అడిగారు. నన్నెవరడిగారు తల్లీ?”

నవ్వుతూనే అన్నారు, ఆమెకు మాత్రం చురుక్కుమంది.

ఫైళ్ళన్నీ చేరేవరకు లోడ్ దానంతటదే ఆగాలన్న షరతు ప్రణాళికలో చేరింది. సాయంత్రంలోగా మూడో రిహార్సల్ ముగిసింది. ఒక్క మాత్ర తేడా లేదు. ఇక మీ వేలికి పని ఉండదేమోనని ఆమె నొచ్చుకుంటే, ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. కూతురి పుట్టినరోజు నెలాఖరునే వస్తుందట. ఏటా మిగిలిన కేకే తన వంతట.

మర్నాడు డైరెక్టరు ప్రణాళికను ఆమోదించి, కిటుకు కనిపెట్టినందుకు ఆమెను మెచ్చుకున్నారు. చప్పట్లు మొదలయ్యాయి. ఆమె చెయ్యెత్తి ఆపింది. కనిపెట్టింది తాను కాదని, లేని నిల్వలు లెక్కకెక్కి ఏ ఆసుపత్రికీ మందుల కొరత రాకుండా తొమ్మిదేళ్ళుగా కాచినవారు వెనక వరుసలో ఉన్నారని చెప్పింది. బాబాయ్ అన్న పిలుపు నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, పొద్దున్నే ఆయన గుర్తింపు కార్డులో చదివి నేర్చుకున్న పేరును ఇంటిపేరుతో సహా, గదంతా వినిపించేలా పలికింది.