ఏడో స్తంభం

మేడ్చల్ దాటాక వాగు ఒడ్డున ఉన్న పాత నూలు మిల్లును ఫ్లాట్లుగా మార్చినప్పుడు బిల్డర్ ఇనుప స్తంభాలను మాత్రం కదిలించలేదు. పన్నెండింటికీ నల్లరంగు వేయించి, గేటు వైపు నుంచి వరసగా తెల్లటి అంకెలు రాయించాడు. ఏడోది నా పడకగదిలో, గోడ పక్కనే పడింది. మొదట్లో చిరాకేసేది. ఒంటరిగా ఉందామని వచ్చిన గదిలో ఎవరో ముందే వచ్చి నిలబడ్డట్టు ఉండేది.

నేను చేరిన ఏడాదే సైదా వచ్చింది. అరవై దాటిన మనిషి. చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం.

“ఏడో కంబం మీ ఇంట్లనే ఉన్నదంట గదా సార్. ఆడ్నే మా ఆయన మిషను బెల్టుల చెయ్యి వడి పోయిండు. షుకూర్ అని. ఇంట్ల ఫాతెహా చేసిన, గోరీ కాడికి మొగోళ్లు పోయిన్రు. గీడ ఒక్కపారి చదువుకొని జల్దీ పోత.”

లోపలికి రానిచ్చాను. మిల్లు నడిచిన రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా గేటు దాటలేదట. ఆడవాళ్లు సద్ది గిన్నెలు గేటు దగ్గర ఇచ్చి వెళ్లాలి. శవాన్నీ గేటు దగ్గరే అప్పగించారు. ఏడో కంబం అన్న మాట ఒక్కటే ఆమెకు లోపలి నుంచి అందింది. ఇరవై ఆరేళ్లుగా దాన్నే పట్టుకుని ఉంది.

ఊదుబత్తి వెలిగించి, రెండు చేతులూ తెరిచి, పెదవులు కదిలించింది. తర్వాత నాకు మలీదా పెట్టింది.

“బెల్లం ఎక్కువైంది. ఆయనకు గట్లనే కావాలె, ఏం జెయ్యాలె? మా చాంద్ నెలల లెక్కన వచ్చేపారి పదకొండు రోజులు ముందుగాల వస్తది. రజబ్ తొమ్మిది. యాదుంచుకోండి.”

అల్మారా తలుపు లోపల రాసి పెట్టుకున్నాను.

మనిషి పోయిన చోట నిద్రపట్టదంటారు. నాకు అప్పటి నుంచే పట్టడం మొదలైంది. పడుకునే ముందు ఆ రోజు జరిగినవి స్తంభానికి చెప్పేవాణ్ని. షుకూర్ పనిలో ఉండి వింటున్నట్టు ఉండేది. రెండో ఏడు సైదా వచ్చే రోజుకు గది కడిగి, కొత్త దుప్పటి పరిచాను. నా ఇంటికి ఒకరు వస్తారని ఏడాది ముందే తెలియడం నా జీవితంలో అదే మొదలు.

ఆ తర్వాత కొన్ని నెలలకు, తోటపని చేసే లింగంతో మాటలు కలిశాయి. అతను ఆ మిల్లులోనే పనిచేసినవాడు.

“గీ నంబర్లు జూస్తె నవ్వొస్తది సార్. మేం వాగు దిక్కు నుంచి లెక్కవెట్టేది. మోటరు ఆడుండె. మోటరు పక్కది ఒకటి. గేటు కాడి నుంచి లెక్కవెట్టేదెవరు, లోపలికి రాని షావుకార్లు.”

మొత్తం పన్నెండు. వాగు నుంచి ఏడోది, గేటు నుంచి ఆరోది. అంటే షుకూర్ పోయిన స్తంభం నా గోడకు అవతల, చెత్తడబ్బాలు పెట్టే గదిలో ఉంది.

సైదాకు చెప్పలేదు. చెత్త మధ్య ఆమె ఎలా చదువుతుంది, తెలియకపోవడమే మేలు అనుకున్నాను. అది నిజమే. కానీ నేను చెప్పకపోవడానికి కారణం అది కాదు.

మూడో ఏడు ఆమె లింగాన్ని వెంట తీసుకొచ్చింది.

“ఆయనతోటి పనిచేసినోడు, నువ్వు గూడ నిలబడుమన్న. బీడీ ఆర్పి రమ్మంటె ఇంతసేపు.”

లింగం గదిలోకి వచ్చి స్తంభాన్ని చూశాడు. పైకి కిందికి చూశాడు.

“వదినె, గిది మన ఆరోది. షుకూరన్న ఏడోది గోడ అవతల. సార్‌కు పోయినేడే చెప్పిన గదా నేను.”

సైదా అప్పటికే ఊదుబత్తి తీసింది. దాన్ని మళ్లీ పొట్లంలో పెట్టింది.

“మీకెరుకేనా సార్?”

 ఆమె నా మొహం చూసి, పళ్లెం ఎత్తుకుంది.

“ఆయన అవతల ఒక్కడే ఉండె,” అంది, లింగంతో.

చెత్తగదిలోంచి డబ్బాలు బయటికి లాగిన చప్పుడు వచ్చింది. నేను బకెట్‌తో నీళ్లు తీసుకెళ్లాను. ఆమె అందుకోలేదు. తోట కుళాయి నుంచి లింగం తెచ్చిన నీళ్లతోనే నేల మూడుసార్లు కడిగింది. తిరిగొచ్చి గోడకు చెవి ఆనించాను. ఆమె చదవడం మొదటిసారి విన్నాను. నా గదిలో ఎప్పుడూ పైకి చదవలేదు.

తర్వాత లింగం గిన్నెలో మలీదా తెచ్చాడు.

“వదినె మీకియ్యమన్నది.”

“మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పిందా?”

“లేదు సార్.”

గిన్నె చేతిలో ఉండగానే, కారిడార్‌లో చక్రాల చప్పుడు మొదలైంది. డబ్బాలు ఒక్కొక్కటే వాటి చోటికి వెళ్లిపోతున్నాయి.