మరీ తేటగా పోసిన రసం

పీపా చప్పుడు చేయడం మానేసి పదకొండు రోజులైంది.

పులుస్తున్న ద్రాక్షరసానికి ఒక చప్పుడుంటుంది. పీపా మూతలో గుచ్చిన గాజు గొట్టంలోని నీళ్లలోంచి గాలి పైకొస్తూ గుబుక్, గుబుక్ మంటుంది. మా నేలమాళిగలో మిగిలిన పీపాలన్నీ అలా అంటూనే ఉన్నాయి. దోలెన్‌లై రసం పోసిన పీపా ఒక్కటే నోరు మూసుకుంది. రోజుకు ఆరేడుసార్లు మెట్లు దిగి దాని పొట్టకు చెవి ఆనించేవాణ్ణి. చెంపకు చల్లటి ఓక్ చెక్క తగిలేది, అంతే.

దోలెన్‌లై అంటే జర్మనీలో మా మోజెల్ నది మీదికి గోడలా లేచిన నల్ల పలకరాయి వాలు. అక్కడ కోత కోయాలంటే ఒక మోకాలు ఎప్పుడూ వంచే ఉంచాలి. పై సగం నా భార్య హెడ్విగ్ పుట్టింటిది. ఆ వాలు మీది రీస్లింగ్ ద్రాక్షరసంలో మరో తోట రసం కలపం. బయటి ఈస్ట్ వేయం. పళ్ల తోలుకు అంటుకుని వచ్చినదానితోనే అది తనంతట తాను పులవాలి. ఆ తెల్ల వైన్ మొదట నిమ్మతొక్కలా గరుకుగా తగులుతుంది. తర్వాత పచ్చి పీచ్ పండు వాసన. మింగాక నాలుక చివర, వాన పడ్డ రాయిని నాకినంత ఉప్పదనం. అవే తీగలు ఏటి ఒడ్డు చదును నేలలో నాటితే ఆ ఉప్పదనం రాదు. ఏడాదికి ఒక్క పీపా, వెయ్యి లీటర్లు.

హెడ్విగ్ పోయాక ఇదే మొదటి కోత.

"నాన్నా, చెవి పెట్టినంత మాత్రాన పులవదది," అంటూ మా అమ్మాయి ఊటె మెట్లు దిగింది. మిగతా పీపాలన్నీ చూసుకునేది తనే. కాస్త రసం తోడి, తీపి కొలిచే గాజు గొట్టం అందులో వదిలింది. "ఎనభై నాలుగు. నిన్నా అదే, మొన్నా అదే."

"చలికి ముడుచుకుందేమో."

"చలి ఈ ఒక్క పీపాకేనా? పక్కదానికి దుప్పటి కప్పావా?" గ్లాసు నా ముక్కు కిందికి తోసింది. "వాసన చూడు."

చూశాను. అంచున ఎక్కడో, సన్నగా, వెనిగర్.

"శనివారం దాకా ఆగుతా. తర్వాత ప్యాకెట్ ఈస్ట్ వేసేస్తా."

"ప్యాకెట్ వేస్తే అది దోలెన్‌లై అవుతుందా?"

"వెనిగర్ అయితే అవుతుందా? అమ్మ తోట పేరు నేను వెనిగర్ సీసా మీద రాయలేను నాన్నా."

అది బుధవారం. ఎక్కడ తప్పు జరిగిందో నాకు తెలుసు, తనకు చెప్పలేదు. గానుగలోంచి వచ్చిన రసాన్ని తొట్టిలో నిలవబెట్టి, బురద కొంత దిగాక పైది పీపాలోకి తోడతాం. ఎంతసేపు నిలవబెట్టాలో ఏటా హెడ్విగే చెప్పేది. వేలు ముంచి, వెలుతురులో చూసి, "చాలు" అనేది. అప్పటికింకా రసం మబ్బుగానే ఉండేది. ఈసారి ఆ మాట అనేవాళ్లు లేరు. కాలేజీలో నేర్చుకున్నది గుర్తొచ్చింది: రసం ఎంత తేటైతే అంత మేలు. రెండు రోజులు ఉంచాను. అద్దంలా వచ్చింది, మురిసిపోయాను. ఈస్ట్‌కు తిండి ఆ బురదలోనే ఉంటుంది. దాన్ని నా చేతులతోనే తీసుకెళ్లి తీగల మొదట్లో పారబోశాను.

దీనికి పాత మందు ఒకటుంది. చక్కగా పులుస్తున్న పీపా అడుగునుంచి, బతికున్న ఈస్ట్ ఉండే మడ్డి ఒక బకెట్. అదీ అదే వాలుదై ఉండాలి. దోలెన్‌లై కింది సగం క్లెమెన్స్‌ది. అతనూ నేనూ మాట్లాడుకుని తొమ్మిదేళ్లు. మా రెండు సగాల మధ్య రాతిగోడ వానకు కూలితే అతను సిమెంటుతో కట్టించాడు. మా వాలు మీద తాతల కాలంనుంచీ రాయిమీద రాయి పేర్చడమే తప్ప సిమెంటు ఎరగం. "క్లెమెన్స్ గుండెకు కూడా సిమెంటు పూయించుకున్నాడు" అని నలుగురి ముందూ అన్నాను. అందరూ నవ్వారు, అతను తప్ప.

అయినా ఆ మధ్యాహ్నమే అతని ఇంటికి బయల్దేరాను. బకెట్ కోటు కింద దాగదు. రొట్టెల కొట్టు నడిపే వాల్బుర్గా అడగనే అడిగింది: "ఏం నోర్బెర్ట్, ఆవుని కొన్నావా?"

క్లెమెన్స్ వాకిట్లో గొట్టాలు కడుగుతున్నాడు. ఒకే బడి బెంచీ మీద పెరిగినవాళ్లం. "ఏం కావాలి మీకు?" అన్నాడు. ఆ 'మీరు' చలికన్నా ఎక్కువగా తగిలింది.

"మడ్డి. ఒక్క బకెట్."

"సిమెంటువాడి మడ్డి మీ వైన్‌కి పడుతుందా?"

"పీపా ఆగిపోయింది, క్లెమెన్స్."

అతని చేతిలో నీళ్ల గొట్టం కిందికి వాలింది. "ఎన్ని రోజులు?"

"పదకొండు."

"ఎంత దగ్గర?"

"ఎనభై నాలుగు."

"తేటగా పోశావు కదూ?"

తలూపాను.

"కాలేజీ!" అన్నాడు, బూతు మాట అన్నట్టు. బకెట్ లాక్కుని నేలమాళిగలోకి నడిచాడు.

పెద్ద పీపా కుళాయి మీద చెయ్యేసి ఆగిపోయాడు. "దీన్లోంచి ఇవ్వలేను."

"గోడ గురించి నేనన్నది తప్పే..."

"గోడ కాదయ్యా." గొంతు తగ్గించాడు. "ఇది ప్యాకెట్‌ది. నాలుగేళ్లుగా. ఒక ఏడు ఇలాగే ఆగి చచ్చింది, ఆ భయం పోలేదు. మా ఆవిడక్కూడా తెలీదు."

వైన్ రుచి చూడటానికి ఎవరొచ్చినా, తన పీపాలోకి బయటి ఈస్ట్ రేణువు కూడా పోదని గంటసేపు చెప్పే మనిషి. కుళాయి తిప్పి బకెట్ నింపేసి ఉంటే నాకెప్పటికీ తెలిసేది కాదు. అతని ముఖం చూడలేక బకెట్ వైపు చూశాను.

మూలన గోనెసంచులు కప్పిన చిన్న పీపా దగ్గరికి వెళ్లాడు. "గోడ వార రెండు వరసలది, మా ఇంట్లోకి. దీన్లో ఏమీ వేయను, తేటా చేయను. అమ్మేదంటే భయం. తాగేదానికేం భయం?"

అది గుబుక్ మంటోంది. గట్టి మజ్జిగలాంటి మడ్డి, రొట్టెపిండి వాసన. "నువ్వు ఒలకబోస్తావు," అని తనే మోశాడు, చలి తగలకుండా పైన తన టోపీ బోర్లించి. వాల్బుర్గా మమ్మల్నిద్దర్నీ చూడటానికి కొట్టు గుమ్మందాకా వచ్చింది.

తిన్నగా పోయనివ్వలేదు. "చల్లదాంట్లో ఒక్కసారి పోస్తే చచ్చూరుకుంటుంది." మా రసం కొంత పొయ్యి పక్కన గోరువెచ్చ చేసి, మడ్డిలో గరిటెడు గరిటెడు కలిపి, నురగ లేచాకే పీపాలో పోసి, పొడుగు కర్రతో అడుగునుంచి కలియబెట్టాడు.

గురువారం చప్పుడు లేదు. శుక్రవారం లేదు. వెనిగర్ వాసన పెరిగిందనిపించేది, మళ్లీ నా ముక్కే అబద్ధమాడుతోందనిపించేది. క్లెమెన్స్ రెండుసార్లు వచ్చి అటు పక్క చెవి పెట్టాడు, ఇటు పక్క నేను.

"ఏమైనా?"

"నీ ఊపిరే వినబడుతోంది. ఆపు."

శనివారం పొద్దున క్లెమెన్స్, నేను పీపా దగ్గరుండగా ఊటె ప్యాకెట్ పట్టుకుని దిగింది. ముందు గాజు గొట్టం వదిలింది. వంగి చూసింది. గొట్టం కడిగి, తుడిచి, మళ్లీ వదిలింది.

"ఎనభై ఒకటి," అంది.

తీపి తగ్గిందంటే ఈస్ట్ దాన్ని తింటోందన్నమాట.

"క్లెమెన్స్ గారూ, ఇది మీ పెద్ద పీపా మడ్డేనా? అంతా సహజమైనదే అంటారే, అదేనా?"

అతను నోరు తెరవబోయాడు. నేనే ముందు అందుకున్నాను. "దోలెన్‌లైదేనమ్మా. కింది సగం. గోడ వారది."

ఊటె మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ప్యాకెట్ జేబులో పెట్టుకుని, "సోమవారం మళ్లీ కొలుస్తా," అని పైకి వెళ్లింది.

క్లెమెన్స్ కర్ర అందుకుని పీపా మూత తీయమని నాకు సైగ చేశాడు.